గుమ్మం బయటి ఓటుపెట్టె

ఉడికిన క్యారెట్ల వాసన తగిలితే ఇప్పటికీ నా నడుం దానంతటదే నిటారవుతుంది. మొన్న ఒక ఆసుపత్రి క్యాంటీన్ దాటుతుంటే అదే జరిగింది. చదువుకునే రోజుల్లో నేను కెనడాలోని సార్నియా ఊళ్ళో ఒక వృద్ధుల కేర్ హోమ్ వంటగదిలో పార్ట్ టైమ్ పనిచేశాను. అక్కడ నా బాస్ సుభద్ర మేడమ్. నల్లగొండ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి, కెనడా వచ్చాక గరిటె పట్టిన మనిషి. పాఠం మాత్రం మానలేదు. క్యారెట్లు తరుగుతూ వినాల్సిందే. వినకపోతే ఉల్లిపాయల బస్తా నా ముందుకు వచ్చేది.

ఆ ఏడు కాలేజీకి మన పిల్లలు వందల్లో దిగారు. అద్దెకు గది దొరకదు, కారు లేనిదే కదలలేం. కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి వారం తెలుగు సంఘం హాలు వెనక గదిలో పడుకునేవారు. నేనూ అక్కడే పడుకున్నాను. ఆ గది మూసేయాలా వద్దా అని సంఘం ఓటింగ్ పెట్టింది. సొంత ఇల్లు ఉన్నవాళ్ళకే ఓటు అని నిబంధన. ఉగాదికి కుర్చీలు మోసేది మేము, వడ్డించేది మేము, ఓటు వేయడానికి మాత్రం పనికిరాము. నాకు ఒళ్ళు మండింది. భయమూ వేసింది. “ఊకుంటవా మరి?” అని అడిగారు మేడమ్.

“మనకెందుకు మేడమ్, రేపు పీఆర్‌కి ప్రాబ్లమ్ అయితే?” అన్నాను. ఆ దేశంలో శాశ్వతంగా ఉండనిచ్చే ఆ కాగితం మీదే మా అందరి ఆశ.

“పీఆర్ సంఘమోళ్ళు ఇస్తరా నీకు?” అని నవ్వి, పాఠం అందుకున్నారు. అమెరికా ఏర్పడిన కొత్తల్లో చాలా చోట్ల ఆస్తి ఉన్న మగవాళ్ళకే ఓటు. చాలా రాష్ట్రాలు ఒక్కొక్కటే ఆ షరతు వదిలినా రోడ్ ఐలండ్ వదల్లేదు. అక్కడి భూమి లేనివాళ్ళు విసిగి, సొంతంగా రాజ్యాంగం రాసుకుని, ఎవరినీ అడక్కుండా ఎన్నికలు జరుపుకున్నారు. ఒకే రాష్ట్రానికి ఇద్దరు గవర్నర్లయ్యారు. చివరికి వాళ్ళ నాయకుణ్ణి జైల్లో వేశారు.

“ఓడిపోయారుగా మరి.”

“ఓడిన్రు. కానీ ఆ వెంటనే రూల్ మార్చక తప్పలే. అయినా బయటి దేశాలకెల్లి వచ్చినోళ్ళకు మాత్రం భూమి ఉండాల్నన్నరు. ఇంకో సంగతి విను. కొట్లాడినోళ్ళు గూడ ఆడోళ్ళను, నల్లజాతోళ్ళను లైన్ల నిలవడనియ్యలే.”

ఓటింగ్ ఆదివారం నాడు హాలు గుమ్మం బయట, మా సొంత ఓటింగ్ కోసం అరటిపళ్ళ అట్టపెట్టెకు చీలిక పెట్టి కూర్చున్నాం. పేర్లు రాసుకునేది నేను. పిల్లలు మంచులో వరస కట్టారు. ఇద్దరు పంజాబీ కుర్రాళ్ళు వస్తే, ఇది తెలుగువాళ్ళ ఓటు అని వెనక్కి పంపాను. తెలివైన పనే చేశాననుకున్నాను. అప్పుడే మేడమ్, లోపల తన ఓటు వేసి, బయటికి వచ్చారు.

“వాళ్ళు ఆ గదిల పండుకోలేదా?”

“పడుకున్నారు మేడమ్, కానీ…”

“మరి నువ్వెవరు, ఇంకో ప్రెసిడెంట్‌వా?”

తల కొట్టేసినట్టయింది. పరిగెత్తాను. సార్నియాలో బస్సులు తక్కువ కాబట్టి ఇద్దరూ బస్ స్టాప్‌లోనే దొరికారు. సారీ చెప్పి తీసుకొచ్చాను.

ఇంతలో సంఘం ప్రెసిడెంట్ అంకుల్ గుమ్మంలోకి వచ్చి, “ఆ డబ్బా తీసేయండమ్మా, దానికి వాల్యూ లేదు” అన్నారు.

“వాల్యూ లేకపోతే మీకెందుకు అడ్డమొస్తుంది?” అన్నారు మేడమ్. పెట్టె కదల్లేదు.

లోపల పడినవి ముప్పై మూడు ఓట్లు, మూసేయాలన్నవే ఎక్కువ. బయట నూట పన్నెండు; ఒక్కటి తప్ప అన్నీ ఉంచాలనే. ఆ ఒక్కటి ఎవరిదో ఇప్పటికీ తెలియదు. మేడమ్ దాన్ని కూడా నాచేత పైకి చదివించారు. గది మూశారు.

మేడమ్ పోయి రెండేళ్ళు. ఎక్కడ వరస కనిపించినా అందులో లేనివాళ్ళ కోసం వెతకడం ఆవిడ నాకు అంటించిన జబ్బు. కిందటి నెల ఇల్లు కొనుక్కున్నాను, సంఘం నాకు ఓటిచ్చింది. మొదటి మీటింగ్‌లోనే, కుర్చీలు వేసి గోడ వారన నిలబడ్డ కొత్త పిల్లల్ని చూసి, లేచి ఆ సొంత ఇంటి నిబంధన తీసేయమన్నాను.

“నీకు ఓటొచ్చిందిగా అమ్మా, ఇంకేంటి బాధ?” అన్నారు అదే ప్రెసిడెంట్ అంకుల్.

“నాకొచ్చింది అంకుల్. ఆ గోడ దగ్గర నిలబడ్డ పిల్లలకి రాలేదు.”

నాతో కలిపి ఐదు చేతులు లేచాయి. ఓడిపోయాను. సెక్రటరీ గారు ఆ సంగతి మీటింగ్ మినిట్స్ పుస్తకంలో రాయకుండా తర్వాతి అంశానికి వెళ్ళబోయారు. ఆయన రాసేదాకా నేను కూర్చోలేదు.