చుప్‌గా ఉంటే ఒప్పుకున్నట్టేనట

పొద్దున మా ఆవిడ మెడ మీద గడ్డను వైజాగ్ డాక్టరుకు వీడియోలో చూపిస్తుంటే, మధ్యలనే బొమ్మ ఆగిపోయింది. నెల నుంచి మా ఇంట్లో నెట్ ఇంతే. హిందీ రాష్ట్రం అంచున, అడవి పక్కనున్న మా కోంటాల నెట్ ఆగితే, అడవిలో నక్సలైట్ల గొడవ ఏదో అయ్యి లైను తెగిందనుకుంటం, ఎవరినీ అడగం. ఇయ్యాల మాత్రం కోపమాగక కంపెనీకి ఫోన్ చేసిన.

"ప్లాన్ మార్చినం సార్, స్పీడ్ తగ్గించినం. మెసేజ్ పంపితే మీరు వద్దనలేదు కదా," అన్నది అక్కడి అమ్మాయి హిందీల.

"ఏడాదికి ఒప్పుకొని మధ్యల ఎట్ల మారుస్తరమ్మా?"

"చుప్‌గా ఉంటే ఒప్పుకున్నట్టే సార్."

వినియోగదారుల కోర్టుకు రేపే పోత. కానీ డాక్టరు మళ్ల వచ్చే నెలనే దొరుకుతడట. అప్పటిదాకా గడ్డ కూడా చుప్‌గా ఉంటదా? మీరే చెప్పుండ్రి.