మూడో చరణంలో నా చావు

అమెరికానా అనే అమెరికా పల్లెపాటల బాణీలో నేనూ మా ఆవిడా చేసిన మొదటి ఆల్బమ్ నిండా ప్రేమే. రెండోది చీకటిగా ఉండాలని ఆవిడ పట్టుబట్టి, మొదటి పాట మూడో చరణంలోనే భర్తను నదిలో ముంచేసింది.

విదేశంలో మేముండే క్లెమెంటి పేటలోని ఫ్లాట్‌లో, గొంతు ప్రతిధ్వనించకుండా చీరల బీరువా తెరిచి, దాని ముందు మైకు పెట్టుకుని రికార్డు చేసేవాళ్లం. అక్కడే నా ప్రాణానికి బేరం మొదలుపెట్టాను.

"చంపడం ఎందుకు? కాలు విరిగితే చాలదా?"

"కాలు విరిగితే ఎవరికి ఏడుపొస్తుందండీ?"

"పోనీ జ్వరం. పెద్ద జ్వరం."

"జ్వరానికి బాంజో ఎందుకు? మాత్ర చాలు."

మా నాన్నది బట్టల కొట్టు. బేరం కుదరక మెట్లు దిగిపోయేవాళ్లను ఆయన తప్పకుండా వెనక్కి పిలిచేవాడు. ఆ నమ్మకంతోనే, "అయితే నువ్వొక్కదానివే పాడుకో" అని చెప్పులేసుకుని బయటికి నడిచాను. లిఫ్టు దాకా మెల్లగానే వెళ్లాను. పిలుపు రాలేదు. లిఫ్టులోని చైనీస్ ఆంటీ తలుపు పట్టుకుని, "అంకుల్, గోయింగ్ ఆర్ నాట్?" అంది. నేనే తిరిగొచ్చాను.

మా ఆవిడ హెడ్‌ఫోన్స్ తీసింది. "మైకు ఆన్‌లోనే ఉంది. మీరు వెళ్లిపోయిన అడుగుల చప్పుడు ఎంత దిగులుగా పడిందో. పాట దాంతోనే మొదలు."

"మరి తిరిగొచ్చిన చప్పుడు?"

"కోసేస్తాను. మునిగినవాడు తిరిగి రాడు కదా."

చచ్చాక వచ్చే పల్లవిలోనూ రెండో గొంతు నాదే ఉండాలన్నాను. బేరమాడకుండా సరేనంది. ఇంకాస్త ఎక్కువ అడగాల్సిందని ఇప్పటికీ బాధే.