చల్లటి గదికి వెళ్ళిన గినీ పందులు

ఈ ఉదయం మా వీధిలోంచి ఈ ఏటి మొదటి మిర్చి లారీ వెళ్ళింది. అది మలుపు తిరిగి వెళ్ళిపోయాక కూడా ఘాటు మాత్రం వీధిలోనే నిలబడిపోయింది. నేను అరుగు మీద కూర్చుని ఒక పాత పరుపు విప్పుతున్నాను. లోపల గంపలో ఉన్న మా గినీ పంది రెండుసార్లు తుమ్మింది. బడికి బయలుదేరిన మా మనవరాలు సంచీ అక్కడే పడేసి లోపలికి పరిగెత్తి, దాన్ని రెండు చేతులా ఎత్తి, దాని డొక్కకు చెవి ఆనించి కళ్ళు మూసుకుంది. బస్సు హారన్ కొడుతున్నా కదల్లేదు. "బాగానే ఉంది తాతా," అని దాన్ని దించి అప్పుడు వెళ్ళింది. ఆ పిల్లకు అట్లా చెవి ఆనించడం ఎట్లా అలవాటైందో రాసిపెట్టాలని నాకు చాలాకాలంగా ఉంది. గినీ పందులను ఎట్లా పెంచాలో మా ఊరి గ్రంథాలయంలో బొమ్మలతో సహా పుస్తకం ఉంది. మిర్చి బస్తాలు మోసేవాడి రొమ్ములో ఏం జరుగుతుందో చెప్పే పుస్తకం కోసం అరలన్నీ వెతికాను, లేదు. లేనప్పుడు తెలిసినంతవరకు ఎవరో ఒకరు రాయాలి కదా.

నా చదువు అయిదో తరగతిలోనే ఆగిపోయింది. మిగిలినదంతా గ్రంథాలయం పెట్టిన భిక్ష. మాది తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. పేరుకు సాయిబులమే అయినా ఇంట్లో మాట తెలుగే. నరసరావుపేటలో పరుపుల పని లేని రోజుల్లో మధ్యాహ్నమంతా గ్రంథాలయంలో ఫ్యాను కింద కూర్చునేవాణ్ణి. నక్షత్రాల దూరాలు, తేనెటీగల కాపురం, ఓడలు మునగకపోవడానికి కారణం, ఇట్లా దొరికిందల్లా చదివేవాణ్ణి. చదివింది ఇంటికి వచ్చి ఎవరికో ఒకరికి చెప్పకపోతే అన్నం అరిగేది కాదు. మా ఇంటావిడ అన్నం వడ్డిస్తూనే, "ఈపూట ఏం మోసుకొచ్చావయ్యా? బరువైందా, తేలికైందా?" అనేది. తేలికైందంటే వినేది. బరువైందంటే, "ముందు తిను, అది ఎక్కడికీ పోదులే," అనేది.

మా అబ్బాయి మాత్రం పరుపుల పని వద్దన్నాడు. మా నాన్న ఆ దూది నుసిలోనే ఉబ్బసం పట్టి పోయాడు. చిన్నప్పుడు తాత పక్కన పడుకున్నవాడు కనుక ఆ ఎగశ్వాస వాడికి బాగా గుర్తు. అందుకని ఊరి చివర మిర్చి కోల్డ్ స్టోరేజీలో హమాలీగా చేరాడు. మా ఎండల సంగతి బయటివాళ్ళకు చెబితే అబద్ధమనుకుంటారు. నాపరాయి పరిచిన కప్పు పగలంతా కాగి, సాయంత్రానికి ఆ సెగంతా మన మీదికి దింపుతుంది. అట్లాంటి ఊళ్ళో, మే నెలలో చొక్కా మీద స్వెట్టరు వేసుకుని పనికి వెళ్ళే మనిషి ఎంత అదృష్టవంతుడు! వీధిలో అందరూ వాడిది ఏసీ ఉద్యోగం అనేవారు. "మీవాడికేందన్నా, కలెక్టరు కూడా అంత చల్లగా కూర్చోడు," అని పక్కింటి సైకిల్ షాపాయన అంటే నేను కాస్త గర్వంగా నవ్వేవాణ్ణి కూడా.

ఆ ఉద్యోగానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. హమాలీల ఇళ్ళన్నిటా ఉండేదే. సాయంత్రం మోపెడ్ చప్పుడు వినపడగానే మా కోడలు పెరట్లో రెండు బకెట్ల నీళ్ళు, ఉతికిన లుంగీ పెట్టేది. వాడు ఇంట్లోకి రాకుండా సందులోంచే పెరట్లోకి వెళ్ళి, చొక్కా విడిచి నీళ్ళతొట్టిలో ముంచి, తల మీంచి స్నానం చేశాకే లోపలికి రావాలి. అంతవరకు ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే కళ్ళు మండేవి, తుమ్ములు వచ్చేవి. మా మనవరాలికి నడక వచ్చిన నాటి నుంచి వాళ్ళ నాన్నను దూరం నుంచే పలకరించడం అలవాటు. గడప లోపల నిలబడి, "అయిందా నాన్నా? అయిందా?" అని అరుస్తూ ఉండేది. వాడు దగ్గుకుంటూ, "ఆగవే, వీపు మిగిలింది," అనేవాడు. ఆ దగ్గును మేమెవరం దగ్గుగా లెక్కపెట్టలేదు. వాడితో బస్తాలు మోసే ముఠాలో అందరికీ ఉండేదే. జేబులో బెల్లంముక్క పెట్టుకునేవారు, గొంతు గీరుకుపోతే కొరుక్కునేవారు.

పిల్ల ఏదైనా జంతువును పెంచుకుంటానని మొదలుపెట్టింది. కుక్క వద్దని మా ఇంటావిడ, పిల్లి వస్తే దూదిలో ఈనుతుందని నేను. రోడ్డు మీద అమ్మే రంగు కోడిపిల్లలు తెస్తే వారం తిరక్కుండా పోయాయి, పిల్ల అన్నం మానేసింది. అప్పుడు నేను గ్రంథాలయంలో వెతికి గినీ పందిని కనిపెట్టాను. కరవదు, గీరదు, మొరగదు, అరచేతుల్లో ఇముడుతుంది. ఆ పూట భోజనాల దగ్గర ఎంతో ఉత్సాహంగా పేరు చెప్పాను. మా ఇంటావిడ గరిటె కింద పెట్టేసింది.

"ఏందయ్యా, పందిని తెస్తావా ఇంట్లోకి? ముసలితనంలో మతి పోయిందా?"

"పేరే పంది. అసలు పందికీ దీనికీ చుట్టరికమే లేదు. ఇది ఎలుకల జాతిది."

"ఎలకా! ఇంకా నయం, పందే మేలు!"

మా అబ్బాయికి పొలమారి, నవ్వు దగ్గులోకి దిగి, చాలాసేపటికి గానీ తేరుకోలేదు. చివరికి వీధిలో అడిగినవాళ్ళకు సీమ కుందేళ్ళని చెప్పాలన్న షరతు మీద మా ఇంటావిడ ఒప్పుకుంది.

చలికాలంలో ఒక ఆదివారం నేనూ, అబ్బాయీ, పిల్లా గుంటూరు వెళ్ళాం. చేపలూ పక్షులూ అమ్మే దుకాణంలో వెనక అరలో గుంపుగా ఉన్నాయి. పుస్తకంలో చదివిందంతా నాకు కంఠతా ఉంది. ఒక్కటే తెస్తే దిగులు పెట్టుకుంటుంది, రెండు తేవాలి. రెండూ ఆడవే కావాలి, లేకపోతే ఇల్లు నిండుతుంది. కళ్ళు మెరవాలి, ముక్కు పొడిగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, డొక్కకు చెవి ఆనించి ఊపిరి వినాలి. గరగరమన్నా, క్లిక్కుమన్నా తీసుకోకూడదు. వీటికి జబ్బంటూ వస్తే ముందు ఊపిరితిత్తులకే వస్తుంది. దుకాణం కుర్రవాడు, "ఏంది తాతా, పుచ్చకాయ కొంటన్నావా?" అన్నాడు. నేను పట్టించుకోలేదు. పిల్లకు ఎట్లా వినాలో నేర్పాను. అది ఒక్కొక్కదాన్నీ చెవికి ఆనించుకుని, నోరు తెరిచి, చాలా శ్రద్ధగా విని ఒక నల్లదాన్ని, ఒక తెలుపూ గోధుమరంగూ కలిసినదాన్ని ఎంచింది. "వీటి లోపల ఏం చప్పుడు లేదు తాతా, గాలి ఒక్కటే ఉంది," అంది. మా అబ్బాయి వాటిని తువ్వాలులో చుట్టి, బస్సులో ఇంటిదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

అవి వచ్చాక ఇంటి నడక మారింది. పరుపులవాళ్ళ ఇంట్లో దూది పనికిరాని ప్రాణులు అవి రెండే. నుసి పడదని పాత చీరల గుడ్డలు పరిచాను. గరిక కడిగి ఆరబెట్టి పెట్టేవాళ్ళం. మనుషులకు లాగే వాటికి కూడా సి విటమిన్ ఒంట్లో తయారు కాదని చదివి, కొత్తిమీర, జామకాయ ముక్కలు పెట్టించాను. కొత్తిమీర తెచ్చే పని మా అబ్బాయిది. మోపెడ్ సందులోకి తిరగగానే రెండూ ముందుకాళ్ళు గంప అంచున పెట్టి ఈలలు వేసేవి. అటు పిల్ల "అయిందా నాన్నా" అని, ఇటు ఇవి ఈలలు. "ఇంతమంది ఎదురు చూసేంత గొప్పోణ్ణని నాకే తెలవదే," అని వాడు నీళ్ళు పోసుకుంటూ అనేవాడు. స్నానం అయ్యేదాకా వాటి దగ్గరికి కూడా వెళ్ళేవాడు కాదు. పొద్దున లేవగానే పిల్ల రెండిటి ఊపిరీ విని, "గాలి ఒక్కటే," అని మాకు చెప్పేది. రేడియోలో వార్తల్లాగా మాకు అది రోజూ వినాల్సిందే.

మే నెలలో ఎండ ముదిరిన రోజుల్లో మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. నేను పెళ్ళి పరుపుల పని మీద బొల్లాపల్లి వైపు వెళ్ళి ఉన్నాను. తర్వాత ఇంట్లోవాళ్ళు చెప్పింది రాస్తున్నాను. మధ్యాహ్నానికి రెండూ బల్లపరుపుగా సాగిలబడి డొక్కలు ఎగరేస్తున్నాయట. తడి గోనెపట్టా కప్పారు, నాపరాయి బండ కడిగి దాని మీద పడుకోబెట్టారు. బండ కూడా వేడెక్కింది. పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. అన్నానికి వచ్చిన మా అబ్బాయి పెరట్లోంచే చూసి, "ఏడవబాకే. మా కాడ చల్లగా ఉంటది. కరెంటొచ్చేదాకా ఆడ పెడతాలే," అని గంపను మోపెడ్ వెనక కట్టుకుని వెళ్ళాడు. ఎవరూ వద్దనలేదు. ఎందుకంటారు? చల్లటి చోటంటే మా అందరికీ అదే. ఎండాకాలం భోజనమయ్యాక హమాలీలందరూ ఆ చల్లటి గదుల ముందు వసారాలోనే గోనెలు పరుచుకుని కునుకు తీస్తారు. చొక్కా మీది ఘాటు పిల్లకు తగలకూడదని ఇన్నేళ్ళు జాగ్రత్తపడ్డ మనిషికి, ఆ చొక్కా ఎక్కడ ఘాటెక్కుతుందో ఆ క్షణంలో తట్టలేదు. వాడికి అక్కడ ఉన్నది చల్లదనం ఒక్కటే. మిగతాది ముక్కు ఎప్పుడో మరిచిపోయింది.

ఆ మధ్యాహ్నం సరుకు బయటికి తీశారు. టిక్కీలని పిలిచే ఆ మిర్చి బస్తాలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే, గంప పెట్టిన వసారా అంతా ఎర్రటి దుమ్ము.

నేను ఊరి నుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగా మోపెడ్ వచ్చింది. సందులోకి తిరగలేదు. వాకిట్లోనే ఆగింది. మా అబ్బాయి మిర్చి చొక్కాతో, స్నానం లేకుండా, గంప పట్టుకుని వీధి గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు. ఇంట్లోకి వాడు అట్లా రావడం అదే మొదటిసారి. అందరం తుమ్మాం. ఎవరూ పక్కకు తప్పుకోలేదు. నల్లది అప్పటికే చల్లబడిపోయింది. రెండోది నోరు తెరిచి ఊపిరి లాగుతోంది. పిల్ల దాన్ని తీసుకుని చెవి ఆనించింది.

"గరగరమంటాంది తాతా."

మా అబ్బాయి నేల మీద కూలబడి, రెండు చేతులూ మోకాళ్ళ మీద వేసి దగ్గడం మొదలుపెట్టాడు. పిల్ల ఆ గినీ పందిని నాకిచ్చి, వాళ్ళ నాన్న వెనక్కి వెళ్ళి, ఆ చొక్కా మీదే వీపుకు చెవి ఆనించింది. మంటకు దాని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. కోడలు లాగబోయింది, అది రాలేదు.

"నాన్నా, నీ లోపల కూడా ఇదే చప్పుడు."

వాడు నవ్వబోయాడు. "నేను మనిషినే, ఎలకను కాదు," అన్నాడు.

వారంలో గుంటూరు తీసుకెళ్ళాం. రొమ్ముకు ఎక్స్‌రే ఫిల్ము తీశారు. ఊపిరితిత్తులు కింది నుంచి గట్టిపడుతూ వస్తున్నాయనీ, పోయినంతమేర తిరిగి రాదనీ డాక్టరు చెప్పాడు. ఇక దుమ్ములోకి వెళ్ళొద్దన్నాడు. దుమ్ములోకి వెళ్ళకుండా అంటే మిర్చీ కాదు, మా దూదీ కాదు. "ఏసీ ఉద్యోగం ఎవడన్నా వదులుకుంటాడంట్రా?" అని ముఠా మేస్త్రి ఇంటికి వచ్చి అడిగాడు. అడిగి, మాట సగంలో తనే దగ్గి, బెల్లంముక్క నోట్లో వేసుకుని వెళ్ళిపోయాడు.

మా అబ్బాయి ఆకుకూరల బండి పెట్టుకున్నాడు. పొద్దున్నే చల్లటి గాలిలో తిరిగేవాడు. మొదట్లో అరిచి అమ్మేవాడు, తర్వాత గంట కొట్టేవాడు. మిగిలిన గినీ పంది బతికింది, వాడి కొత్తిమీర తిని ఒళ్ళు కూడా చేసింది. పిల్ల రోజూ దాని ఊపిరి విని, ఆ వెంటనే వాళ్ళ నాన్న వీపు విని, "ఇయాల తగ్గింది నాన్నా," అనేది. వాడు, "నువ్వు చెప్పావంటే తగ్గినట్టేలే," అనేవాడు. అది ఏ రోజూ తగ్గలేదు. పిల్లకు తెలుసు, వాడికీ తెలుసు, గోడకు ఆనుకుని పరుపు కుడుతున్న నాకూ తెలుసు. మళ్ళీ ఒక మిర్చి కాలం వచ్చి పోయింది. ఆ తర్వాతి చలికాలంలో ఒక ఉదయం పిల్ల చెవి ఆనించి చాలాసేపు ఉండిపోయింది. లేచి ఏమీ చెప్పకుండా గరిక కడగడానికి వెళ్ళిపోయింది. వాడు కూడా అడగలేదు. ఆ వారంలోనే పోయాడు.

ఈ నాలుగు మాటలు రాయడానికి తోడు నిలిచినవాళ్ళను తలుచుకోవాలి. మా ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు ఊరికే పలకం. ఆ ఒక్క పేరూ చెప్పకుండా మిగతావాళ్ళ పేర్లు చెప్పాలనిపించడం లేదు. బయటికి ఇవ్వకూడని పుస్తకాన్ని పిల్లకు చూపించమని ఇంటికిచ్చిన గ్రంథాలయం అమ్మాయికి, ఇప్పటికీ ఆ బండి తోసుకెళ్ళి ఇల్లు నడుపుతున్న మా కోడలికి, మళ్ళీ ఎన్నడూ ఏసీ అన్న మాట ఎత్తని సైకిల్ షాపాయనకు, నేను రాస్తుంటే "బరువైందా?" అని అడగకుండా దీపం దగ్గరికి జరిపిన మా ఇంటావిడకు రుణపడి ఉన్నాను. లారీ దించడం ఆపి, ముందు ఇళ్ళకు వెళ్ళి తలమీంచి స్నానాలు చేసి, ఉతికిన చొక్కాలు వేసుకుని వచ్చి మా వాడికి భుజం పట్టిన ముఠా వాళ్ళందరికీ సలాములు. ఆ రోజు వాళ్ళ దగ్గర ఘాటు లేదు. నడుస్తున్నంతసేపూ దగ్గు మాత్రం వినపడుతూనే ఉంది.

సందులోకి ఏ మోపెడ్ తిరిగినా ఆ గినీ పంది ఈల వేస్తుంది. పిల్ల సాయంత్రం బడి నుంచి రాగానే దాని ఊపిరి వింటుంది. ఆ తర్వాత దూది మధ్య కూర్చున్న నా వెనక్కి వచ్చి, నా వీపుకు చెవి ఆనిస్తుంది. ఎంత కాలం గడిచిందో చెప్పడానికి గోడ మీద గడియారం ఉంది. నాకు ఎంత మిగిలిందో ఆ చిన్న చెవికి తెలిసే ఉంటుంది. నేను అడగను, అది చెప్పదు.