రాజుగారి పెరట్లో పదకొండు సముద్రపు చేపలు

మత్స్యశాఖలో ఫిషరీస్ డెవలప్‌మెంట్ ఆఫీసరుగా నా ఆఖరి పోస్టింగు భీమవరం దగ్గర. రిటైర్మెంటుకి ఇంకా పధ్నాలుగు నెలలుందనగా, ఏప్రిల్ మొదటి వారంలో రాజుగారనే ఒక రొయ్యల రైతు నుంచి, పెరటి చెరువు నీళ్ళు ఓసారి చూసి పొమ్మని ఫోను వచ్చింది. ఈ ఉద్యోగం గురించి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. పైన అసిస్టెంట్ డైరెక్టరు ఉంటారు, కింద గ్రామ మత్స్య సహాయకులు ఉంటారు, రెండు వైపుల నుంచీ మాటలు పడేవాడు ఎఫ్.డి.ఓ. చెరువుల రిజిస్ట్రేషను, నీటి పరీక్ష, జబ్బు చేస్తే సలహా, ఇవీ మా పనులు. ఇంటి పెరట్లో ముచ్చటకి పెంచుకునే సముద్రపు చేపల గురించి ఏ సర్క్యులర్‌లోనూ లేదు.

అయినా వెళ్ళాను. రాజుగారు పాతికేళ్ళుగా రొయ్యలు పండిస్తున్న మనిషి, ఆయన పిలిస్తే కాదనడం కష్టం. అంతకంటే ముఖ్యంగా, చూడాలని నాకే సరదా పుట్టింది.

నడుం లోతు చెరువు. నాలుగు నవారు మంచాలు వేసుకునేంత జాగా. అడుగున రొయ్యల నర్సరీలకి పరిచే నల్ల షీటు, మూల నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటరు ఒకటి, కొంగలు వాలకుండా పైన వల. నీళ్ళు పేరుపాలెం తీరం నుంచి ట్యాంకరులో తెప్పించారు. చేపలు మాత్రం ఉప్పాడ పడవలవాళ్ళ దగ్గర కొన్నవి. పసుపు ఒంటి మీద నల్ల చారలతో, రాళ్ళ సందుల్లో తిరిగే రకం. ఆక్సిజన్ నింపిన సంచుల్లో కారెక్కి వచ్చాయి. కూరకి కాదు, చూసుకోవడానికి అని రాజుగారు చెబితే, ఉప్పాడవాళ్ళు ఆయన్ని ఎగాదిగా చూశారట. లెక్కకి పదకొండు.

పెంపకం మాత్రం అచ్చం రొయ్యల పద్ధతే. రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలుసుకోవడానికి చెరువులో వేలాడదీసే వల పళ్ళేన్ని చెక్ ట్రే అంటారు. పదకొండు చేపలకి రాజుగారు రెండు చెక్ ట్రేలు కట్టారు. రోజుకి నాలుగుసార్లు ఎత్తి చూసి పుస్తకంలో రాస్తున్నారు.

చెరువు తవ్విన చోటు గురించి కూడా చెప్పాలి. అది ఆయన భార్య సుభద్రగారి మల్లెపందిరి. ఆవిడ వారం రోజులు మొగుడితో మాట్లాడకుండా ఉండి, చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారట. నేను వెళ్ళిన మొదటిరోజే ఆవిడ దాన్ని నా ముందు మళ్ళీ చదివారు.

“ఒక్క చేప చచ్చినా చెరువు పూడ్చేసి నా పందిరి నాకిచ్చెయ్యాలండి. ఆయన ఒట్టేశారు. మీరూ సాక్షేనండి ఆఫీసరుగారూ.”

పీకేసిన మల్లె మొక్కలు అప్పటికే కుండీల్లో వరసగా సిద్ధంగా ఉన్నాయి. రాజుగారు నాకేసి చూసిన చూపులో వచ్చే పంట మొత్తం నా చేతిలో ఉన్నంత భయం కనబడింది.

వెయ్యి పాళ్ళ నీటిలో ఉప్పు ఎన్ని పాళ్ళుందో చూడటానికి మా దగ్గర రిఫ్రాక్టోమీటరు ఉంటుంది. అరచేతిలో పట్టే గొట్టం. దాని అద్దం మీద చుక్క నీళ్ళేసి వెలుతురుకేసి చూస్తే లోపల అంకె కనబడుతుంది. ముందుగా ఉప్పు లేని నీటిచుక్క వేసి అంకెని సున్నాకి తిప్పుకోవాలి. దానికి డిస్టిల్డ్ వాటరు వాడాలని నియమం. ఆ రోజు నా సంచిలో సీసా ఖాళీ. పక్కనే కుళాయి ఉంది. నేను పుట్టి పెరిగింది రాజమండ్రిలో, కుళాయి తిప్పితే గోదావరి వస్తుందని నమ్మే జాతి. చెయ్యి దానంతటదే కుళాయి మీదికి పోయింది.

సున్నాకి తిప్పాను. చెరువు నీళ్ళు చూస్తే ఇరవై రెండు. సముద్రం ముప్పై రెండు దాకా ఉండాలి. ట్యాంకరువాడు దార్లో ఎక్కడో నీళ్ళు కలిపాడని తేల్చి, ఉప్పు కరిగించి మూడు రోజుల్లో ముప్పై రెండుకి పెంచమని రాసిచ్చాను. రాజుగారు రెండు చేతులా ఆ కాగితం అందుకున్నారు.

వారం తిరక్కుండానే మళ్ళీ ఫోను. వెళ్ళేసరికి చేపలన్నీ ఏరియేటరు దగ్గర మూతులు పైకెత్తి ఉన్నాయి. మేత ముట్టడం లేదు. ఒకటైతే పక్కకి ఒరిగిపోయింది. మీటరు తీసి, అలవాటుగా అదే కుళాయి కింద కడిగి, సున్నా చూసి, చెరువు నీళ్ళు చూశాను. సరిగ్గా ముప్పై రెండు. ఇంకేముంది, జబ్బే అనుకున్నాను. మందు పేరు రాయడానికి కలం తీశాను.

“పోయినట్టేనా అండీ?” అన్నారు రాజుగారు నీరసంగా. ఒరిగిన చేప వైపు చూపించారు. షరతు ప్రకారం గెలిచింది సుభద్రగారే కదా, ఆవిడ ఊఁ అంటే అయిపోయేది.

“పోవడమేంటండీ, నిద్రపోతోంది,” అని ఆయన్ని కసిరారు ఆవిడ. చెరువులో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని మొహం చిట్లించారు. “ఆఫీసరుగారూ, ఏమీ అనుకోకండి. ఇది సముద్రంలా లేదండి, ఆవకాయ ఊటలా ఉంది. మీరు ఆ అద్దం మా పెరటి కుళాయి కింద కడుగుతారేంటండీ? అది రొయ్యల చెరువుకి వేసిన బోరండి. ఆ నీళ్ళతో పప్పు జన్మలో ఉడకదు. మేం గిన్నెలు కూడా కడగం.”

“మొదటిరోజే చెప్పకపోయారా అమ్మా?”

“ఆఫీసర్ల పద్ధతి అలాగే ఉంటుందేమో అనుకున్నానండి.”

నాకు తల కొట్టేసినట్టయింది. లోపల్నించి మంచినీళ్ళ టిన్ను తెప్పించి, ఆ నీటితో సున్నా పెట్టాను. కుళాయి నీళ్ళు పది, అంటే అంతకుముందు నేను చూసిన అంకెలన్నీ పది తక్కువ. చెరువు నలభై రెండు. ట్యాంకరువాడు పాపం నిజాయితీపరుడు. సముద్రపు చేపల్ని ఉప్పులో ఊరేసిన ఘనత పూర్తిగా నాదే.

విరుగుడు తేలికే. కొంత నీరు తోడేసి, మంచినీళ్ళు నెమ్మదిగా, రోజుల తరబడి కలపాలి. కానీ కాలవలు అప్పుడే కట్టేశారు. డెల్టాలో వేసవి మరమ్మతులకి కాలవల నీళ్ళు ఆపేస్తారు, మళ్ళీ జూన్‌ దాకా రావు. ఆ ఇంట్లో మిగిలిన కాలవ నీళ్ళల్లా పెరటి సిమెంటు తొట్టిలో ఉన్నవే. అవి సుభద్రగారు మల్లె కుండీల కోసం దాచుకున్నవి. రాజుగారికి అడిగే ధైర్యం లేదు, నాకు మొహం లేదు. ఆవిడే బిందె తీసుకుని తొట్టి దగ్గరికి నడిచారు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. ఉప్పు తగ్గుముఖం పట్టింది. చేపలు మూతులు దించి తిరుగుతున్నాయి, చెక్ ట్రేలో మేత తగ్గింది. రాజుగారు గట్టు మీద కూర్చుని లెక్కపెట్టారు, మళ్ళీ లెక్కపెట్టారు.

“పదే కనబడుతున్నాయేంటే?”

“రాళ్ళకింద దూరిందండి ఒకటి. ఇందాకే చూశాను,” అన్నారు సుభద్రగారు, చెరువుకేసి చూడకుండా.

వరసలో చివరి కుండీలో మట్టి కొత్తగా తవ్వి ఉంది. ఆవిడ గోళ్ళలో కూడా మట్టి ఉంది. నేను చూశానని ఆవిడ చూశారు. మొదటిరోజు నన్ను సాక్షిగా పెట్టిన మనిషి ఆవిడే. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

ఫీల్డు డైరీ తీసి ఆ రోజు తనిఖీ రాశాను. ఉప్పు ఇంత, మేత ఇంత, చేపలు పదకొండు. సర్వీసు మొత్తంలో తెలిసి రాసిన తప్పు లెక్క అదొక్కటే.

ఆ తర్వాత మిగిలిన ఉద్యోగకాలమంతా, ఏ ఊళ్ళో మీటరు బయటికి తీసినా, ముందు ఇంటావిడని పిలిచి, పప్పు ఏ నీళ్ళతో ఉడికిస్తారండీ అని అడిగేవాణ్ణి. భోజనానికి అడుగుతున్నాననుకుని రెండు మూడు చోట్ల విస్తరి వేశారు కూడా. సంచిలో డిస్టిల్డ్ వాటరు సీసా నిండుగా ఉన్నరోజు కూడా ఆ ప్రశ్న మానలేదు. నీళ్ళ సంగతి మీటరు కంటే ముందు తెలిసినవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు, అడిగితే చెబుతారు.