రాణిగారి మాటకి నా తెలుగు

రాయపూర్ రైల్వే కాలనీలో ఒకప్పుడు, ఆదివారం పొద్దున్న, హిందీవాళ్లు కూడా టీవీ సౌండు తగ్గించి మరీ నా తెలుగు వినేవారంటే మీరు నమ్మాలి. మా ముందుగది చాలక వరండాలోకి, వరండా చాలక మెట్ల మీదికి జనం. టీవీలో రాణిగారు నోరు తెరిచేలోపే ఆవిడ ఏమనబోతోందో నేను చెప్పేసేవాణ్ని. ఇదంతా ఇప్పుడెందుకంటే, మా ఊరు కొత్త రాష్ట్రానికి రాజధాని అయిన ఈ హడావుడిలో కేబుల్ అబ్బాయి ఆ పాత సీరియల్‌ని మళ్లీ మొదటినుంచీ వేస్తున్నాడు. రిటైరయ్యాక ఊళ్లోనే తెలీబంధా పేటలో కట్టుకున్న ఈ ఇంట్లో దాన్ని శ్రద్ధగా చూసేది ఇద్దరమే. నేనూ, మా ఒదినా. మనవలు కలలు కూడా హిందీలోనే కంటారు. నా తెలుగుతో ఎవరికీ పనిలేదు.

అప్పుడు మాత్రం బోలెడంత పని ఉండేది. మాదంతా శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే కొలువులకి వచ్చిన కాలనీ. ఆడవాళ్లు ఇంట్లో గలగలా మాట్లాడేవారు, పరాయి మగాడు కనిపిస్తే చెంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. ఇక వీళ్లకి హిందీ ఎక్కడొస్తుందని మగాళ్లమంతా తీర్మానించేసుకున్నాం. నేను ఆఫీసులో గుమాస్తాని, నాలుగు హిందీ ఫైళ్లు చదివినవాణ్ని, పైగా టీవీ మా ఇంట్లోదే. అందుకని దుబాసీ పదవి నన్నే వరించింది. కథ ఒక రాణిగారిది. సగం అంతఃపురంలో నడిచేది, సగం దర్బారులో. దర్బారు మొదలవగానే మావాళ్లు పక్కకి తిరిగి కబుర్లు చెప్పుకునేవారు. వాళ్లకి కావలసింది ఆవిడ జడ ఎవరు వేస్తారు, మొగుడితో ఏమని అలుగుతుంది, అత్తగారు ఎలా సాధిస్తుంది, ఇవి. సరే, నేనూ వడ్డించాను. యుద్ధానికి బయల్దేరే రాణిగారి చేత చల్దన్నంలో ఉల్లిపాయ కొరికించాను. కథలో లేని ఆడపడుచునొకర్తిని పుట్టించి, ఆవిడకి వెన్నెముక నొప్పి కూడా ఇచ్చాను. "ఏటండీ, ఆవిడ పెదాలింకా కదల్లేదు కదా," అనేది మా ఆవిడ. "రాణులు మనసులో మాట్లాడుకుంటారు, అది కూడా చెప్పాలి," అనేవాణ్ని.

ఇక్కడో మాట ఒప్పుకోవాలి. మెట్ల మీద జనం ఉన్నమాట నిజమే గానీ వాళ్లు మా ఎదురింటి పంపులో నీళ్ల కోసం కూర్చున్నవాళ్లు. సౌండు తగ్గించిన హిందీవాళ్లు అంటే పక్క క్వార్టరు పండిట్‌గారి భార్య ఒక్కర్తే. అదీ చంకలో పిల్ల నిద్రపోతోందని.

ఆ సీరియల్ మొదలవడానికి ముందటి చలికాలంలో మా అన్నయ్య పోయాడు. వ్యాగన్ల మరమ్మతు షాపులో ఫిట్టరు. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే ఇంట్లో ఒకరికి కొలువిస్తారు కదా, ఒదినకి స్టేషన్లో ఆడవాళ్ల వెయిటింగ్ రూము చూసుకునే పని ఇస్తామన్నారు. తను వద్దంటే కొడుకు పెద్దయ్యేదాకా వాడి పేరు మీద అట్టేపెడతారు. మా కాలనీలో అలాంటి ఇళ్లన్నిటిలో కొడుక్కి అట్టేపెట్టడమే ఆనవాయితీ. ఒదిన కొడుకింకా లాగులేసుకుని బడికెళ్తున్నాడు. ఒదినకి మాత్రం ఆ పని తనే చెయ్యాలని ఉంది. నాతో నేరుగా చెప్పలేదు, మా ఆవిడతో చెప్పింది. "కుర్చీలో కూకోని వచ్చీపోయీవోళ్లని చూసుకోడం నాకు రాదేటి? ఆయన అన్నం ఆయన పిల్లాడికి నేనే పెట్టుకుంటాను," అందట.

ఇంటి పెద్దని నేనే. "ఆలోచిద్దాం ఒదినా," అన్నాను. ఆలోచించింది ఏమిటంటే, రోజూ నా ఆఫీసువాళ్లు దిగే ప్లాట్‌ఫారం మీదే మా అన్నయ్య భార్య డ్యూటీ నీలం చీర కట్టుకుని కూర్చుంటే నేను ఎటు చూస్తూ నడవాలి అని. ఇంకోటి కూడా ఉంది, దాచడమెందుకు. నా మధ్యాహ్నం క్యారియర్ కట్టేది ఒదినే. బెండకాయ పులుసు ఆవిడ పెట్టినట్టు మా ఇంటావంటా ఎవరూ పెట్టలేరు.

ఆ ఆదివారం రాణిగారి భర్త చనిపోయిన తర్వాతి భాగం వచ్చింది. పిల్లాణ్ని పేరుకి గద్దెనెక్కించి మీరు లోపలే ఉండండి అంటారు మంత్రులు. రాణిగారు అంతఃపురంలో పిల్లాణ్ని జోకొట్టి పడుకోబెట్టి, తెల్లచీరతో దర్బారుకి వస్తుంది. ముందున్న పరదా తీయించి, నా కొడుకు ఎదిగేదాకా ఈ గద్దె ఖాళీగా ఉండదు, నేను కూర్చుంటాను అంటుంది. గుమ్మం దగ్గర చేటలో బియ్యం ఏరుకుంటున్న ఒదిన ఎప్పుడూ ఏదీ అడిగేది కాదు. ఆరోజు తలెత్తింది.

"ఏటన్నాది బాబూ ఆవిడ?"

గదంతా నా నోటివైపు చూసింది. "కొడుకు పెద్దయ్యాక వాడే కూర్చుంటాడు, అంతవరకూ నేను నా ఇల్లు చూసుకుంటాను అంటోంది ఒదినా," అన్నాను.

టీవీలో మాత్రం ఆవిడ మెట్లెక్కి గద్దె మీద సర్దుకుని కూర్చుంటోంది. "మరి కూకున్నాదేటి?" అందొక పక్కింటామె.

"ఒక్కసారి కూర్చుని చూసి లేచిపోతుంది."

"అదీ మహారాణంటే," అన్నారు కాలనీ అత్తగార్లు. ఒదిన చేట పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. మర్నాడు నాకు క్యారియర్ అందిస్తూ, "పిల్లోడికే ఉంచీమను బాబూ," అంది. కాగితం నేనే తెచ్చాను. తెలుగులో సంతకం చేసింది, ఒక్కో అక్షరం ఒత్తి.

పిల్లాడు పెద్దవాడయ్యాడు. రైలు కొలువొద్దన్నాడు. సిల్తారాలో ఇనుము ఫ్యాక్టరీలో చేరాడు, కాలరు మీద నల్లటి దుమ్ముతో ఇంటికొస్తాడు. మా అన్నయ్య పేరు మీదొచ్చిన ఆ కుర్చీలో ఇంతకీ మా ఇంట్లోవాళ్లెవరూ కూర్చోలేదు. ఆ వెయిటింగ్ రూములో ఎవరో ఒకావిడ స్వెటరు అల్లుకుంటూ, బెంచీల మీద కాళ్లు చాపినవాళ్లని కసురుతూ దర్జాగా ఉండేది. నేను రిటైరయ్యేదాకా ఆ గుమ్మం ముందునుంచి తల పక్కకి తిప్పుకునే నడిచాను, చేతిలో ఒదిన కట్టిన క్యారియర్‌తో. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ బాధలో కూడా రవ్వంత గర్వం ఉండేది. ఒక్క వాక్యంతో రాణిని గద్దె దించినవాణ్ని కదా నేను.

మొన్న ఆదివారం ఆ భాగమే మళ్లీ వచ్చింది. మా ఆవిడ గుడికెళ్లింది. రాణిగారు పరదా తీయించింది, ఆ మాట అంది, కూర్చుంది. ఒదిన సోఫాలో కాళ్లు ముడుచుకుని బెండకాయలు తరుగుతోంది. ఇన్నేళ్లయ్యాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఒదినా, ఆవేళ నేను అబద్ధం చెప్పాను. కూర్చుంటాననే అంది ఆవిడ. నీకు హిందీ రాదు కదా అని..."

"రాదని నీకెవులు చెప్పేరు?" అంది టీవీ మీంచి చూపు తిప్పకుండానే. "గోల్‌బజార్లో ఇన్నేళ్లు బేరాలాడింది ఎవులనుకున్నావు? నీ క్యారియర్లో కూరలు తెలుగులో కొన్నాననుకున్నావేటి?"

"మరి ఆరోజు నన్నెందుకు అడిగావు?"

ఇంకో బెండకాయ తొడిమ తీసి పక్కన పెట్టింది.

"రాణి ఏటన్నాదో నాకు తెలుసు బాబూ. నువ్వేటంటావో విందామని అడిగేను."