మూడో బావి నీళ్ళు

వారంలో హాల్‌బెరాకు మనిషి మాట వినబడేది మంగళవారం ఒక్కరోజే. ఆ రోజు లావా మైదానంలోని మూడో బావి నీళ్ళు తోడి, సీసాల్లో నింపి, పట్నంలో ల్యాబుకు ఫోను చేసేది. ఆ బావి తవ్వినవాడు ఆమె మొగుడు గుద్యోన్. అతను పోయి ఆరేళ్ళయింది.

ఎగువ బావిలో, భూగర్భపు ఆవిరితో కరెంటు తీసే కేంద్రం వాళ్ళు బొగ్గుపులుసు వాయువును గాలిలోకి వదలకుండా నీళ్ళలో కలిపి కిందికి దించేవారు. సోడాలా కరిగిన గ్యాసు పైకి తేలదు, నీళ్ళతోబాటే నల్లరాతి సందుల్లో మెల్లగా పారుతుంది. ఆనవాలుకు కాస్త రంగు కూడా కలిపారు. రెండూ మూడో బావికి ఎప్పుడు చేరతాయో చూడటం హాల్‌బెరా పని.

శరత్కాలంలో రంగు చేరింది. గ్యాసు రాలేదు.

"మూత సరిగ్గా బిగించావా?" అన్నాడు ల్యాబులోని బెర్గ్‌స్వేన్.

"ఇరవయ్యేళ్ళు చేపల డబ్బాలు మూసిన చేతులివి."

"చేపలు ఎగిరిపోవుగా."

ఆమెకు నవ్వు రాలేదు. మరుసటి వారం నుంచి సీసాను బకెట్ నీళ్ళలో ముంచి, ఒక్క బుడగ చొరబడకుండా నింపింది. అయినా అదే లెక్క వచ్చింది. అతను "ఊఁ, పంపించు" అని ఫోను పెట్టేయసాగాడు. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలు ఆమె నోట్లోనే ఉండిపోయేవి. కారులో కూర్చుని ఎండుచేప నములుతూ మంచును చూసేది.

ఫిబ్రవరిలో బావిలోని పంపు మూలిగి ఆగిపోయింది. ఇద్దరు పనివాళ్ళు పైకి లాగితే, దాని ఒళ్ళంతా తెల్లటి పెచ్చు. గుద్యోన్ రాళ్ళను పరీక్షించే తీరు ఆమెకు గుర్తుంది. సీసాల పెట్టెలోని ఆసిడ్ ఒక చుక్క వేసింది. పెచ్చు బుసబుసా పొంగి, అందులో చిక్కుకున్న గ్యాసు బుడగలుగా బయటికొచ్చింది.

"బెర్గ్‌స్వేన్, నీ గ్యాసు దొరికింది. దారిలోనే రాయైపోయింది."

గ్యాసు అలా రాయి కావాలన్నదే కేంద్రం వాళ్ళ ఆశ. గంటలో బెర్గ్‌స్వేన్‌తో కలిపి ఆరుగురు వచ్చి వాలారు, ఫొటోలు తీసుకున్నారు.

"నిన్ను అనుమానించాను," అన్నాడతను తల దించుకుని.

"అవును, అనుమానించావు. కాఫీ తాగు."

పంపును లారీలో వేసుకుని అందరూ వెళ్ళిపోయారు. కొత్తది వేసవిలో వస్తుందట, అందాకా పని లేదు.

తరువాతి మంగళవారం పదింటికి ఆమె ఇంట్లోంచే ల్యాబుకు ఫోను చేసింది.

"పంపు ఇంకా రాలేదు, హాల్‌బెరా."

"తెలుసు. ఊరికే చేశాను."

అతను వెంటనే పెట్టేయలేదు. "అక్కడ వాతావరణం ఎలా ఉంది?" అన్నాడు.

"వడగళ్ళు పడుతున్నాయి," అని చెప్పి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.