మూడు కేకలు, ఒక తాడు

మా చెల్లెలు సరళ ఫోన్‌లో ఒకటే గొడవ. సినిమాల్లో ఫైటర్‌గా చేరిన కొడుకు రమణ మొదటిసారి ఆరంతస్తుల మేడ మీంచి తాడుతో దిగబోతున్నాడట. "వెళ్లి వాణ్ణి ఇంటికి తీసుకురా అన్నయ్యా" అంది. నౌకాదళ కమాండోగా నేను అలా ఎన్నిసార్లు దిగానో లెక్కలేదు. అయినా మేనల్లుడనేసరికి ఆ రాత్రే బయల్దేరాను.

విశాఖలో రైలెక్కి ఉదయం ఏడింటికి సికింద్రాబాద్‌లో దిగాను. అక్కణ్ణుంచి మెట్రో మారే పని లేదు, మధురానగర్ మీదుగా తిన్నగా జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌లో దింపుతుంది. నాలుగిడ్లీలు తిని ఆటో ఎక్కాను. షూటింగ్‌కి అనగానే డ్రైవర్ నన్ను ఎగాదిగా చూసి, "వేషాలకా సార్? మీసం మంచిగనే ఉంది, దొరుకుతది" అని ధైర్యం చెప్పాడు.

పదింటికి ఫిల్మ్ నగర్‌లో సెట్టు చేరేసరికి రిహార్సల్ నడుస్తోంది. పైన రమణ, కింద తాడు పట్టినవాళ్లు ఆరుగురు. డైరెక్టర్ వదలమని కేకేశాడు, కెమెరామన్ ఆగమన్నాడు, ఫైట్ మాస్టర్ యాదగిరి ఇంకేదో అరిచాడు. కొందరు వదిలారు, కొందరు పట్టుకున్నారు. పిల్లాడు రెండు గజాలు జారి గోడకు కొట్టుకుని వేలాడాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

కిందికి దింపి చూస్తే మోచెయ్యి గీరుకుంది, అంతే. పోదాం పదరా అంటే, ఇప్పుడు దిగిపోతే తననింకెవరూ పిలవరని బతిమాలాడు. నా కోపమంతా డైరెక్టర్ మీదికి మళ్లింది. తీసేది మూడు దళాల కమాండోల కథేనట! మా మొదటి ఉమ్మడి విన్యాసం గురించి చెప్పాను. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం ఎవరి అధికారి మాట వాళ్లే విన్నాం. హెలికాప్టర్ వచ్చేసరికి మా పడవలు ఒడ్డుకే చేరలేదు. తర్వాత అందరినీ ఒకే కమాండర్ కింద పెట్టారు. ఆయనది ఏ యూనిఫామో ఎవరూ అడగరు. పెద్ద హోదా వాళ్లున్నా సరే, పని అయ్యేదాకా ఆయన మాటే.

"ఇక్కడ కమాండర్ ఎవరండీ?" అని అడిగాను.

 డైరెక్టర్ తన మైకు తీసుకెళ్లి యాదగిరి చేతిలో పెట్టాడు. ఇన్నేళ్లలో ఎవరూ అలా ఇవ్వలేదేమో, మాస్టర్ కూడా తడబడ్డాడు.

"నేను చెప్పేదాక ఎవ్వరు నోరు తెరవొద్దు" అన్నాడు చివరికి.

పన్నెండింటికి ఆ ఒక్క గొంతే వినబడింది. రమణ జర్రున దిగి రెండు కాళ్ల మీద నిలబడ్డాడు. అమ్మయ్య! పక్కనున్న కుర్చీలో కూలబడి, వాళ్లు పెట్టిన భోజనం రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

సాయంత్రం ఐదున్నర రైలు ఒక్కణ్ణే ఎక్కాను. ఫిల్మ్ నగర్ బంగళాల గురించి అడిగితే చెప్పలేను, నేను తలెత్తి చూసింది ఆ తాడునే. ప్రాణం మాత్రం తేలిగ్గా ఉంది. అంతలో సరళ ఫోన్ చేసింది. జరిగిందంతా విని, "వాణ్ణి అక్కడ చూసుకునేవాళ్లెవరున్నారు అన్నయ్యా?" అంది.

"ఒక్కరున్నారమ్మా. అందుకే వదిలి వస్తున్నాను" అన్నాను.